పద్నాలుగు అడ్డం

మా బావ జన్మలో ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. ఆ అవసరం రాలేదు. ఆదివారం పత్రిక చివరి పేజీలో పదకేళి గళ్ళు గీసి, పక్కన ఆధారాలు రాసి పడేసేవాడు. తగలాల్సినవాళ్ళకి తగలాల్సినచోట తగిలేది.

మిగతా పత్రికల గళ్ళలో నదులు, పువ్వులు, తలకిందులైన పక్షులు ఉండేవి. మా బావ గళ్ళలో మనుషులే. అదీ రాజకీయాలవాళ్ళు, సినిమావాళ్ళు. 'పార్టీ ఆఫీసులు మారి మారి, చెప్పులు ఎక్కడ వదిలాడో మరిచిపోయిన నాయకుడు (5)' అని రాసేవాడు. 'గొంతు ఒకరిది, నడుము ఇంకొకరిది, కన్నీళ్ళు గ్లిజరిన్‌వి, పారితోషికం మాత్రం తనది అయిన తార (3)' అనేవాడు. 'ఎవరి సంతాప సభకి వెళ్ళినా తన గురించే మాట్లాడి వచ్చే మంత్రి (4)' అని రాసిన వారం, ఆ మంత్రి ఎవరో పెన్సిలు పట్టని వాళ్ళకి కూడా తెలిసిపోయింది.

మనిషి పొడుగ్గా, సన్నగా, ఎవరికీ వంగకుండా ఉండేవాడు కాబట్టి ఆఫీసులో అతన్ని 'నిలువు గారు' అనేవారు. ఎడిటరు తలుపులోంచి కాస్త పక్కకి తిరిగి రావలసిన మనిషి, అందుకని ఆయన 'అడ్డం గారు'. నేను అదే పత్రికలో కింది అంతస్తులో ప్రకటనల కౌంటరు దగ్గర కూర్చునేదాన్ని. సంతాప ప్రకటనలు తీసుకోవడం నా పని. పైన బావ బతికున్నవాళ్ళ సంగతి చూసేవాడు, కింద నేను పోయినవాళ్ళ సంగతి చూసేదాన్ని. ఇద్దరిలో నా దగ్గరే కాస్త మర్యాద ఉండేది.

విచిత్రం ఏమిటంటే, ఇంత తిట్టినా అతని మీద ఎవరూ కేసు వెయ్యలేదు. పైగా మురిసిపోయేవారు. సంతాప సభల మంత్రి తన ఆధారాన్ని పటం కట్టించి సోఫా వెనక గోడకి తగిలించుకున్నాడు. చెప్పులు మరిచిపోయిన నాయకుడు ఫోను చేసి, ఈసారి ఇంకా గట్టిగా వెయ్యమని అడిగాడు. గళ్ళలో తిట్లు పడ్డాయంటే ఇంకా లెక్కలో ఉన్నట్టని వాళ్ళ నమ్మకం. వినీ వినీ బావకి అది తలకెక్కింది.

"నేను తిట్టడమంటే సన్మానం చెయ్యడమే మరదలా" అనేవాడు.

"అయితే నాకు మాత్రం చెయ్యకు బావా, ఆ సన్మానాన్ని తట్టుకోలేను" అనేదాన్ని.

ఎవరినైనా గళ్ళలోకి ఎక్కించాలంటే అతని దగ్గర రెండు గుమ్మాలుండేవి. మొదటిది ఆఫీసులో టీ ఇచ్చే ఆయన. గ్లాసు బల్ల మీద పెడుతుండగానే బావ ఒక పేరు చెప్పి, "ఎవరో తెలుసా?" అని అడిగేవాడు. టీ ఆయన "తెలీకేం సార్" అంటే ఆ పేరు ఒక గుమ్మం దాటినట్టు. తల గోక్కున్నాడా, ఆ మనిషి ఒకప్పుడు ఎంత వెలిగినా సరే, బావ ఆ పేరు మీద గీత కొట్టి "పోయాడు" అనేవాడు. వాళ్ళ ఇళ్ళవాళ్ళు నా కౌంటరుకి రావడానికి ఎన్నో ఏళ్ళ ముందే, పైన బావ వాళ్ళని పంపించేసేవాడు.

రెండో గుమ్మం మా అక్క. శుక్రవారం సాయంత్రం గళ్ళ కాగితం ఇంటికి తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టేవాడు. అక్క స్టవ్ తగ్గించి, కుర్చీ లాక్కుని, పెన్సిలుతో నింపేది. దానికొక షరతు ఉంది. చుట్టుపక్కల పదాలు నింపుకుంటూ వస్తే మధ్యలో పేరు దానంతటదే తేలుతుంది. అలా తేలితే చెల్లదు.

"అక్షరాలు పడితే చాలదోయ్. ఆధారం చదవగానే మనిషి కళ్ళ ముందుకి రావాలి. రాకపోతే చెప్పు, తీసేస్తాను" అనేవాడు.

అక్క ఎప్పుడైనా "అక్షరాలు పడ్డాయండీ, మనిషే తెలియలేదు" అందంటే, ఎంత ముచ్చటపడి రాసుకున్న ఆధారమైనా మారుమాట లేకుండా చెరిపేసేవాడు. అక్కడ మాత్రం నిజాయితీ ఉంది. నచ్చని మనిషి గురించి చెబుతున్నాను కాబట్టి, ఉన్న ఒక్క మంచినీ దాచకూడదు.

అసలు సినిమావాళ్ళ మీద బావ వేసిన చురకల్లో సగానికి పైగా అక్క చెప్పిన కబుర్లే. ఆమెకి ఆ లోకం తెలుసు. పెళ్ళికి ముందు కొన్ని సినిమాల్లో చేసింది, హీరోయిన్ స్నేహితురాళ్ళలో ఒకతిగా. హీరోయిన్ నవ్వితే నవ్వాలి, ఏడిస్తే భుజం పట్టుకోవాలి, హీరో రాగానే "మేం వెళ్తామే" అంటూ పరుగెత్తాలి. ఒక పడవ పాటలో హీరోయిన్ నెత్తిన గొడుగు పట్టుకుని కూర్చుంది. తెర మీద పేర్లు వేసేటప్పుడు అక్క పేరు ఒక్కసారీ రాలేదు. అందరి పేర్లూ అయ్యాక 'మరియు తదితరులు' అని వేస్తారే, ఆ తదితరుల్లో మా అక్క ఉండేది.

ఆఖరి సినిమాలో మాత్రం ఆమెకి సొంతంగా ఒక సీను దొరికింది. రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడి హీరోకి బుద్ధి చెప్పాలి. పెద్ద డైలాగు. ఇంట్లో అద్దం ముందు అది చెప్పగా చెప్పగా నాకు కూడా నోటికొచ్చేసింది. సినిమా విడుదలైన రోజున నాన్న చుట్టాలందరినీ వెంటేసుకుని హాలుకి తీసుకెళ్ళాడు. ఆ వరస మొత్తం మాదే. ప్లాట్‌ఫారం వచ్చింది. రైలు వచ్చింది. రైలు వెళ్ళిపోయింది. అక్క రాలేదు. ఆ సీను కత్తిరించేశారు, ఆమెకి ఒక్క మాటైనా చెప్పకుండా.

దీపాలు వెలిగాక మా వరసలో ఎవరూ లేవలేదు. నాన్నే ముందు తేరుకుని, "మనమే కునుకు తీసినట్టున్నాం. సరిగ్గా చూసి ఉండం" అన్నాడు. అవునవునని అందరూ తలూపారు. నేనప్పుడు చిన్నదాన్ని, నేనూ ఊపాను. అక్క చేతిసంచి జిప్పు తీస్తూ, వేస్తూ మాతో పాటు నడిచింది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పెళ్ళయిన కొత్తలో బావకి మాత్రం తనే చెప్పుకుంది. మొగుడు కదా, చెప్పుకోదూ?

తర్వాత ఆమెకి ఫోన్లు రావడం ఆగిపోయింది. "నిన్నెవరూ మానెయ్యమనలేదు. మోగనిది ఫోను" అని బావ తేల్చేశాడు.

అప్పటినుంచి అక్కకి ఒకటే కోరిక మిగిలింది. "తెర మీద నా పేరు ఎలాగూ పడలేదు. ఒక్కసారి మీ గళ్ళలో వెయ్యండి. నాలుగక్షరాలేగా. నాలుగు గదులిచ్చారంటే సర్దుకుంటాను" అని నవ్వుతూ అడిగేది. నవ్వుతూ అడిగినంత మాత్రాన అది నవ్వులాట కాదని నాకు తెలుసు.

"నిన్ను వేస్తే ఊరంతా పెన్సిళ్ళు విరగ్గొట్టుకుంటుంది. టీ ఆయన్ని అడిగి చూడనా?" అనేవాడు బావ.

"వద్దులెండి" అనేది వెంటనే. అడిగితే అతను తల గోక్కుంటాడేమో, బావ ఇంటికొచ్చి "పోయావు" అంటాడేమో అని ఆమె భయం. అడగనంతకాలం ఆశ ఉంటుంది కదా.

ఇంతలో ఒక పాత హాస్యనటుడు నా కౌంటరు దగ్గరికి వచ్చాడు. జుట్టుకి వేసుకున్న రంగు చెవుల మీద కూడా అంటింది. "నిలువు గారిని కలవాలమ్మా. ఆయన నన్ను తిట్టి చాలా కాలమైంది. నా మీద కోపమేమైనా వచ్చిందేమో కనుక్కుందామని" అన్నాడు. నేనే వెంటబెట్టుకుని పైకి తీసుకెళ్ళాను.

బావ ఆయన్ని కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. గ్లాసు పెడుతున్న టీ ఆయన్ని ఆపి, "ఈయనెవరో చెప్పుకో" అన్నాడు.

టీ ఆయన ఎగాదిగా చూసి, "ఇన్సూరెన్సు సారేనా?" అన్నాడు.

గదంతా గొల్లుమంది. అందరికంటే ముందు నవ్వింది ఆ నటుడే. కళ్ళు తిప్పి, కడుపు పట్టుకుని, తన పాత నవ్వు నవ్వి చూపించాడు. ఆ నవ్వు కూడా అక్కడ ఎవరికీ గుర్తు రాలేదు. టీ చివరిదాకా తాగి, ఖాళీ గ్లాసు బల్ల మధ్యకి జరిపి, ఒక్కొక్కరికీ విడివిడిగా వెళ్ళొస్తానని చెప్పి దిగిపోయాడు.

"నీ గుండె రాయా బావా? ఆయన మొహం మీదే అడగాలా?" అన్నాను.

"వెనక అడిగితే మోసం. నా దగ్గర అందరికీ ఒకటే రూలు" అన్నాడు, రబ్బరుతో చెరిపిన పొట్టు ఊదుకుంటూ.

ఆ నటుడి సంతాప ప్రకటన కొన్నాళ్ళకి నా దగ్గరికే వచ్చింది. ఫోటో కింద 'హాస్యనటుడు' అని పెద్దక్షరాల్లో వెయ్యమని కొడుకు పదే పదే చెప్పాడు. "లేకపోతే ఎవరో అనుకుంటారండీ" అన్నాడు. బావ ఆ ఇన్సూరెన్సు కథని ఇంట్లో కూడా చెప్పి నవ్వాడు. అక్క నవ్వలేదు. ఆయనతో కలిసి చేసిన మనిషి ఆమె. ఆనాటినుంచి నాలుగు గదుల ఊసెత్తడం మానేసింది.

అలాగే మానేసి ఉంటే బాగుండేది. కానీ ఒకరోజు బావ కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయాడు. అది ఇవ్వడానికి అక్క ఆఫీసుకి వచ్చింది. నేనూ ఆమెతో పైకి వెళ్ళాను. టీ ఆయన ట్రే పట్టుకుని ఎదురొచ్చాడు, ఆగిపోయాడు, ట్రే దగ్గర్లో ఉన్న బల్ల మీద పెట్టేశాడు.

"అమ్మా, మీరు పడవ పాటలో గొడుగు పట్టుకున్నావిడ కదూ?"

గదిలో అందరూ తలలెత్తి చూశారు. అతను ఈ పనికి రాకముందు సినిమా హాల్లో టికెట్లు చింపేవాడట. ఆ పాట వచ్చే వేళకి ఆట ఆటకీ లోపలికి వెళ్ళి నిలబడేవాడట. "అందరూ హీరోయిన్‌ని చూసేవాళ్ళు. నాకేమో గొడుగు పక్కకి ఒరిగిపోతుందని భయంగా ఉండేది. మీరు ఒక్కసారి కూడా వంచలేదమ్మా" అన్నాడు.

అక్క మొహం చూడాలి అప్పుడు. నేను పుట్టి బుద్ధెరిగాక ఆమె అంత అందంగా ఉండగా చూడలేదు. అడ్డం గారు కూడా గదిలోంచి పక్కకి తిరిగి బయటికొచ్చి, "నిలువూ, ఇంట్లో తారని పెట్టుకుని మాకు చెప్పనే లేదే!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను ఊరుకుంటానా?

"ఒక గుమ్మం దాటేసింది బావా. రూలు రూలే" అన్నాను.

బావ కళ్ళజోడు పెట్టుకుని, తీసి, తుడుచుకుని, "సరే. ఈ ఆదివారమే. పద్నాలుగు అడ్డం ఖాళీగా ఉంది" అన్నాడు.

ఆ వారమంతా అక్క కాలు నేల మీద నిలవలేదు. పక్కింటి టీచరమ్మకి చెప్పింది. ఎదురింటి టైలరుకి చెప్పింది. మెట్ల మీద ఎవరు కనబడితే వాళ్ళకి చెప్పింది. "ఆదివారం పేపరు కొనండి. ఎందుకో చెప్పను, చివరి పేజీ చూడండి" అనేది. చెప్పనంటూనే ఎందుకో కూడా చెప్పేసేది.

శుక్రవారం సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను. బావ కాగితం బల్ల మీద పరిచి, ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడ్డాడు. అక్క ముందుగా ఒక సాసరు తెచ్చి ఆధారాల్లో పద్నాలుగు అడ్డం మీద బోర్లించింది. అది ఆఖరున చదువుతుందట. మిగతావన్నీ వరసగా నింపింది. మంత్రులు, గాయకులు, ఓడిపోయిన నాయకులు, మూడో పెళ్ళి చేసుకున్న తారలు, అందరూ ఆమె పెన్సిలు కింద ఎవరి గళ్ళలోకి వాళ్ళు వెళ్ళి కూర్చున్నారు. నిలువు పదాలు దిగుతున్న కొద్దీ ఆమె పేరులో ఒక అక్షరం వచ్చింది, ఇంకోటి వచ్చింది. అది చూసుకుని నా చెయ్యి నొక్కింది. అప్పుడు సాసరు తీసింది.

నేను ఆమె భుజం మీదుగా చదివాను.

'చుట్టాలందరినీ వెంటేసుకుని హాలుకెళ్ళి, తెర మీద తాను లేనని దీపాలు వెలిగాక తెలుసుకున్న తార (4).'

"ఎలా ఉంది?" అన్నాడు బావ. "ఈ మధ్య రాసిన వాటిలో ఇదే నంబర్ వన్. అడ్డం గారు చదివి కుర్చీలోంచి పడబోయాడు. ఆఫీసంతా ఒకటే నవ్వు."

అక్క ఆ వాక్యాన్ని ఇంకోసారి చదివింది. తర్వాత మిగిలిన రెండు అక్షరాలు కూడా గుండ్రంగా, జాగ్రత్తగా రాసింది. పెన్సిలు కాగితం పక్కన పెట్టింది.

"అక్షరాలు పడ్డాయండీ" అంది. "మనిషే తెలియలేదు."

బావ నవ్వాడు. "నీ పేరేగా!"

"పేరు తెలుసు. మనిషే తెలియలేదు. ఎవరండీ ఈవిడ?"

అప్పటికి గాని అతనికి ఎక్కలేదు. ఎక్కాక కూడా సగమే ఎక్కింది. "అదేమిటోయ్! మంత్రులు పటాలు కట్టించుకుంటున్నారు. ఊరూ పేరూ లేనివాళ్ళని నేను తిడతానా? నిన్ను వాళ్ళ పక్కన కూర్చోబెట్టాను" అన్నాడు. అబద్ధం చెప్పడం లేదు, అదే నాకు ఒళ్ళు మండించింది. ఎదుటి మనిషి ఒంటి మీద మెత్తటిచోటు వెతకడం తప్ప అతనికి ఇంకే సన్మానమూ చేతకాదు. కట్టుకున్న పెళ్ళాం విషయంలో వెతుక్కునే పని కూడా లేకపోయింది. ఆమే చూపించింది.

"గొడుగు ఉందిగా బావా! టీ ఆయన నీ చెవిన వేశాడుగా! గొడుగు గురించి రాస్తే చెయ్యి పడిపోయేదా? నువ్వు మొగుడివని నీతో చెప్పుకున్న మాట అది" అన్నాను.

"గొడుగులో చురకేముంది? చప్పగా ఉంటుంది" అన్నాడు. నిజంగా ఆలోచించే అన్నాడు.

అక్క నా వైపు చూసి ఊరుకోమన్నట్టు తలూపింది. బావతో, "మనిషి తెలియకపోతే తీసేస్తానన్నారు కదండీ. ఇన్నాళ్ళూ తీశారు. ఇదీ తియ్యండి" అంది.

ఆమె గొంతు హెచ్చలేదు. అతను కాస్త బతిమాలి ఉంటే, కనీసం తప్పయిందని ఉంటే, ఏమయ్యేదో నాకు తెలియదు. అతనికి రోషం వచ్చింది. అంత మంచి ఆధారం పోతోందని బాధ కూడా వచ్చింది. "నీకే అక్కర్లేకపోతే నాకేమిటి? తర్వాత మళ్ళీ వెయ్యండి అని మాత్రం నా ప్రాణం తియ్యకు" అంటూ రబ్బరు తీసుకుని అక్కడే, ఆమె కళ్ళ ముందే, నాలుగు అక్షరాలూ చెరిపేశాడు. పొట్టు ఊదాడు. అక్క లేచి స్టవ్ పెంచింది.

ఆదివారం పొద్దున్నే పేపరు చూశాను. పద్నాలుగు అడ్డంలో బావ ఎవరిని పెట్టాడో తెలుసా? పడవ పాటలో అక్క ఎవరి నెత్తిన గొడుగు పట్టిందో ఆ హీరోయిన్‌ని. ఆమె పేరూ నాలుగక్షరాలే. రెండు నిలువు పదాలు మారిస్తే సరిగ్గా సరిపోయిందట. కావాలని చెయ్యలేదని తర్వాత ఒట్టేశాడు. నేను నమ్మాను. కావాలని చేసి ఉంటే, కనీసం ఆ క్షణంలో అక్క గుర్తొచ్చి ఉండేది కదా.

నేను వెళ్ళేసరికి అక్క ఇంట్లో టీచరమ్మా, టైలరూ, ఇంకా మెట్ల మీద కబురందిన వాళ్ళూ ఉన్నారు. ఎవరి పేపరు వాళ్ళు తెచ్చుకున్నారు. బల్ల మీద పరిచి, పెన్సిళ్ళు పట్టుకుని, అడ్డం ఒకసారి, నిలువు ఒకసారి వేళ్ళతో వెతుకుతున్నారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. నాకు మళ్ళీ ఆ హాల్లో, ఆ వరసలో కూర్చున్నట్టయింది. లోపలి గదిలో బావ తలుపు దగ్గరగా వేసుకుని వచ్చే వారం గళ్ళు గీసుకుంటున్నాడు. స్కేలు చప్పుడు బయటికి వినబడుతోంది.

ఆఖరికి టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని, "మేమే సరిగ్గా చూసి ఉండమండీ" అంది.

మిగతావాళ్ళు తలలూపారు. నేను ఊపలేదు.

అక్క కాఫీ కప్పులు బల్ల మీద పెట్టి, వాళ్ళ పేపర్లు ఒక్కొక్కటీ మడిచి ఎవరిది వాళ్ళకి ఇచ్చింది.

"సరిగ్గానే చూశారండీ. నేను లేను" అంది. "కాఫీ తీసుకోండి, చల్లారిపోతుంది."

లోపల స్కేలు చప్పుడు ఆగింది. కాసేపటికి, పెన్సిలు ఎక్కడ పెట్టావోయ్ అని బావ కేకేశాడు. అది అక్క ముందు, బల్ల మీదే ఉంది. ఆమె దాన్ని తీసి అలమారలో గ్లాసుల వెనక పెట్టి, పంచదార కావాలా అని టైలరుని అడిగింది.